తజస్సుస్ – తఆరుఫ్: ఒక సమాజాన్ని దగ్గరుండి తెలుసుకోవడం
(జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలను దృష్టిలో ఉంచుకొని ఒక చారిత్రక పరిశీలన)

పవిత్ర ఖుర్ఆన్‌లోని 49వ సూరా అల్ హుజురాత్‌లో రెండు ఆయతులు పక్కపక్కనే ఉన్నాయి. 12వ ఆయతు విశ్వాసులను అనుమానాలకు దూరంగా ఉండమని, ఒకరి గుట్టును మరొకరు ఆరా తీయవద్దని, వెనుక చేరి చెడు చెప్పుకోవద్దని ఆదేశిస్తుంది. ఆ ఆరా తీయడానికే అరబీలో తజస్సుస్ అని పేరు. ఆ వెంటనే వచ్చే 13వ ఆయతు మానవులు జాతులుగా, తెగలుగా ఏర్పడింది పరస్పరం తెలుసుకోవడానికేనని బోధిస్తుంది. ఆ తెలుసుకోవడమే తఆరుఫ్. ఒకదానిని నిషేధించి రెండవదానిని కోరిన ఈ ఆయతుల నడుమ ఒక ప్రశ్న నిలిచి ఉన్నది. ఒక ఊరికి పోయి, అక్కడి వారితో కలిసి నివసించి, వారి తిండి, పని, పెండ్లి, చావు, ఇబాదత్ అన్నీ కళ్ళారా చూచి వ్రాసుకొనే మనిషి చేస్తున్నది ఈ రెంటిలో ఏది?

మానవశాస్త్రంలో ఈ పద్ధతిని సహభాగి పరిశీలన అంటారు. ప్రశ్నల పట్టిక పట్టుకొని గడప గడపకూ తిరిగి జవాబులు నింపుకొని వెళ్ళిపోవడం సర్వే. సహభాగి పరిశీలకుడు అట్లా కాదు. నెలల తరబడి, వీలైతే సంవత్సరాల తరబడి అక్కడే ఉంటాడు. వారి భాష నేర్చుకుంటాడు. వారు చెప్పేదానిని వింటాడు, చేసేదానిని చూస్తాడు, ఈ రెంటికీ తేడా ఉంటే ఆ తేడా ఎందుకు వచ్చిందో ఆలోచిస్తాడు. ఈ పద్ధతికి పాశ్చాత్య విశ్వవిద్యాలయాలలో పేరు, పట్టా వచ్చింది 20వ శతాబ్దంలో. కాని దాని చరిత్ర అంతకంటే చాలా పాతది. ఆ చరిత్రలో ముస్లింలకు, అందునా తెలుగు నేల ముస్లింలకు చోటు ఉన్నదన్న సంగతి మనలో చాలామందికి తెలియదు.

విద్యార్థి, న్యాయమూర్తి

అల్ బీరూనీ క్రీ.శ. 973లో ఖ్వారజమ్‌లో జన్మించాడు. 1017లో మహమూద్ గజనవీ ఆ దేశాన్ని జయించిన తరువాత ఆయన గజనీ చేరవలసి వచ్చింది. అక్కడినుండి పంజాబు ప్రాంతానికి వచ్చి, సంస్కృతం నేర్చి, పండితుల వద్ద కూర్చొని, 1030 ప్రాంతంలో హిందూస్థానం గురించి తన మహాగ్రంథాన్ని పూర్తి చేశాడు. ఆ గ్రంథంలో ఆయన పెట్టుకొన్న నియమం గమనింపదగినది. ఎదుటివారి విశ్వాసాలను ఖండించడం తన పని కాదనీ, వారు చెప్పుకొనే తీరులోనే వాటిని వివరించడం తన పని అనీ ఆయన ముందే చెప్పుకొన్నాడు. చదువుకొన్న వారి విశ్వాసం వేరు, సామాన్యుల విశ్వాసం వేరు అనీ గుర్తించాడు. మహమూద్ దండయాత్రలవల్ల ఈ దేశ ప్రజలకు ముస్లింల పట్ల ద్వేషం కలిగిందని, అది తన అధ్యయనానికి అడ్డు వచ్చిందని కూడా దాచకుండా వ్రాశాడు. ఏ సైన్యం వెంట వచ్చిన పండితుడైనా ఇంత నిజాయితీ చూపడం అరుదు. అయితే ఆయన ఎక్కువగా ఆధారపడింది గ్రంథాల మీద, పండితుల మీద. సామాన్యుల ఇండ్లలో ఆయన గడిపింది తక్కువ.

ఇబ్న్ బతూతా సంగతి ఇందుకు భిన్నం. 1343–44లో ఆయన మాల్దీవులలో ఉన్నాడు. అక్కడ ఖాజీ పదవి స్వీకరించాడు, వివాహాలు చేసుకొన్నాడు, అక్కడి వారి తిండి తిన్నాడు. అంటే పూర్తిగా సహభాగి. కాని ఆయన చూపు న్యాయమూర్తి చూపు. అక్కడి ముస్లిం స్త్రీలు నడుము పైభాగం కప్పుకోకపోవడం ఆయనకు నచ్చలేదు. ఖాజీ హోదాలో ఆజ్ఞలు జారీ చేశాడు. తన న్యాయస్థానంలో తప్ప అవి ఎక్కడా అమలు కాలేదని ఆయనే వ్రాసుకొన్నాడు. నమాజు పాటించే ఆ స్త్రీలు తమ ఆచారాన్ని ఎట్లా అర్థం చేసుకొన్నారో ఆయన గ్రంథంవల్ల మనకు తెలియదు. తీర్పు ముందు వచ్చింది, ప్రశ్న ఆగిపోయింది.

ఇక్కడ ఒక అపోహ తొలగించుకోవాలి. వివరించడమంటే సమర్థించడం అనీ, తీర్పు ఇవ్వకపోవడమంటే ధర్మం పట్ల ఉదాసీనత అనీ కొందరు భావిస్తారు. ముఫ్తీ ఇచ్చే ఫత్వా తన ముందుకు వచ్చిన ప్రశ్నకు జవాబు. ప్రశ్నలో సంగతి తప్పుగా ఉంటే ఎంత గొప్ప ముఫ్తీ జవాబైనా ఆ ఊరికి పనికిరాదు. కనుక ఉన్నది ఉన్నట్లు చెప్పగలిగినవాడు ఫిఖ్హ్‌కు కూడా సేవ చేస్తున్నవాడే. ఎవరు చెప్పారు, స్వయంగా చూశారా, విన్నారా, ఆ చెప్పినవారు నమ్మదగినవారేనా అని అడగడం హదీసు విద్య మనకు అలవాటు చేసిన క్రమశిక్షణ. దానినే నేటి సంగతులకు వర్తింపజేయడం కొత్త పని కాదు.

దక్కను మున్షీ జాఫర్ షరీఫ్

1832లో లండన్‌లో 'ఖానూనె ఇస్లాం' అనే గ్రంథం ఇంగ్లీషులో అచ్చయింది. దానిని వ్రాసినవాడు జాఫర్ షరీఫ్ అనే దక్కను ముస్లిం. ఆయన ఏలూరు వాడని తరువాతి సంపాదకుడు తెలియజేశాడు. వ్రాయించి అనువదించినవాడు మద్రాసు సర్కారు కొలువులోని వైద్యుడు హెర్క్‌లాట్స్. పుట్టుక మొదలు మరణం వరకు దక్కను ముస్లింల ఇండ్లలో జరిగే తంతులన్నీ అందులో ఉన్నాయి. అఖీఖా, బిస్మిల్లా, నికాహ్, ఫాతిహా, నగలు, వంటలు, ఫకీర్ల తెగలు, అన్నిటినీ మించి ముహర్రం పది రోజుల వర్ణన. ఏ ఆచారానికి షరా ఆధారం ఉన్నదో, ఏది దేశాచారమో కూడా ఆయన చాలా చోట్ల వేరు చేసి చెప్పాడు.

సహభాగి పరిశీలనకు ఆద్యుడుగా మానవశాస్త్రం బ్రొనిస్లా మలినోవ్‌స్కీ పేరు చెబుతుంది. 1915 నుండి 1918 వరకు ఆయన ట్రోబ్రియాండ్ ద్వీపాలలో చేసిన పని 1922లో గ్రంథంగా వెలువడింది. జాఫర్ షరీఫ్ పుస్తకం అంతకు 90 ఏండ్ల ముందటిది. మలినోవ్‌స్కీ పరాయివాడుగా వెళ్ళి సహభాగి అయినాడు. జాఫర్ షరీఫ్ పుట్టుకతో సహభాగి, తరువాత పరిశీలకుడైనాడు. తన ఇంటి ఆచారాన్ని పరాయివాడికి అర్థమయ్యేటట్లు చెప్పవలసి వచ్చినప్పుడు, ఎన్నడూ ప్రశ్నించని సంగతులు కూడా ప్రశ్నలవుతాయి. అదే ఆయన గ్రంథం విలువ.

దాని లోటు కూడా అక్కడే ఉన్నది. అడిగినవాడు కొలువులోని దొర, వ్రాసినవాడు మున్షీ. ఏ విషయం ఎంత వ్రాయాలో నిర్ణయించింది దొర అక్కర. 1921లో విలియం క్రూక్ ఆ గ్రంథాన్ని తన వరుసలో తిరిగి కూర్చి, 'ఇస్లాం ఇన్ ఇండియా' అని పేరు ముందుకు తెచ్చాడు. దక్కనులోని కొన్ని పట్టణాల ఆచారాలు ఆ పేరుతో యావద్భారత ముస్లింల ఆచారాలుగా పాఠకులకు కనిపించాయి. ఒక ప్రాంతంలో చూచినదానిని దేశమంతటికీ అంటగట్టడం ఈ శాస్త్రానికి ఉన్న పాత జబ్బు.

గోడ దూకినవారు

తజస్సుస్ భయం ఊరికే పుట్టింది కాదు. 1853లో రిచర్డ్ బర్టన్ పఠాన్ హకీము వేషంలో హజ్ యాత్రికులతో కలిసి మదీనా, మక్కా చూచి వచ్చి పుస్తకం వ్రాశాడు. 1884లో డచ్చి పండితుడు స్నూక్ హుర్‌గ్రోన్యె జిద్దా చేరి, ఇస్లాం స్వీకరించినట్లు ప్రకటించి, అబ్దుల్ గఫ్ఫార్ పేరుతో 1885లో కొన్ని నెలలు మక్కాలో నివసించాడు. మక్కా మీద ఆయన ప్రచురించిన రెండు సంపుటాలు నేటికీ విలువైన చారిత్రక ఆధారమే. కాని అదే పండితుడు తరువాత డచ్చి ప్రభుత్వ సలహాదారుగా సుమత్రా దీవిలోని అచే ముస్లింలను లొంగదీసే యుద్ధానికి తన జ్ఞానాన్ని వినియోగించాడు. తెలిసిన విషయం ఒక్కటే, వాడిన తీరు దానిని తజస్సుస్ చేసింది.

ఇమామ్ గజాలీ తమ ఇహ్యాలో పేర్కొన్న ఒక వృత్తాంతం ఇక్కడ జ్ఞాపకం చేసుకోదగినది. హజ్రత్ ఉమర్ (రజి) ఒక ఇంటి గోడ ఎక్కి లోపలివాని తప్పును పట్టుకొన్నారు. ఆ మనిషి తాను చేసింది ఒక తప్పు అయితే ఖలీఫా చేసినవి మూడనీ, ఆరా తీయడం, తలుపు దారిన కాక రావడం, సలాం చెప్పకుండా ప్రవేశించడం అనీ విన్నవించుకొన్నాడు. ఖలీఫా అతనిని విడిచిపెట్టారు. పరిశీలకుడు నేర్వవలసిన మర్యాద యావత్తూ ఈ మూడింటిలో ఇమిడి ఉన్నది.

నిజాం రాజ్యంలో

మన నేల మీద ఈ పద్ధతి శాస్త్రరూపంలో అడుగుపెట్టింది రెండవ ప్రపంచయుద్ధ కాలంలో. వియన్నాకు చెందిన క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ యుద్ధం వచ్చేసరికి శత్రుదేశీయుడుగా లెక్కకు వచ్చి హైదరాబాదు రాజ్యంలో ఉండిపోవలసి వచ్చింది. 1940లో చెంచుల వద్ద, తరువాత కొండరెడ్ల వద్ద, ఆదిలాబాదు గోండుల వద్ద ఆయన నివసించాడు. గోదావరికి ఇవతల జగిత్యాల, అవతల ఆ గోండు గూడేలు. 1940లో జోడేఘాట్ వద్ద కుమ్రం భీం మరణించిన తరువాత నిజాం ప్రభుత్వానికి ఒక ప్రశ్న ఎదురైంది, వీరు ఎందుకు తిరగబడ్డారని. పోలీసు కాగితాలలో దొరకని జవాబు మార్లవాయి గూడెంలో భార్యతో కాపురమున్న ఈ పరిశీలకునికి దొరికింది. అడవి చట్టాలు, పట్టాలు లేకపోవడం, బయటివారికి భూములు పోవడం దానికి కారణాలు. ఆయన నివేదికల ఫలితంగా మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది, లక్ష ఎకరాలకు పైగా భూమి ఆదివాసులకు పట్టా అయింది. అందులో చాలా భాగం మళ్ళీ చేజారిందని 1982లో ఆయనే మరొక గ్రంథంలో బాధతో వ్రాశాడు. సర్కారు అండతో వచ్చినవాడు కూడా ప్రజల పక్షాన నిలువవచ్చునని ఈ ఉదాహరణ చూపుతుంది.

1951–52లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన శ్యామాచరణ్ దూబే ఇతర శాఖల వారితో కలిసి శామీర్‌పేటలో చేసిన పరిశీలన 1955లో 'ఇండియన్ విలేజ్' పేర వెలువడింది. ఒక తెలంగాణ పల్లెను ఇంత సమగ్రంగా వర్ణించిన తొలి గ్రంథాలలో ఇది ఒకటి. ముస్లింలను ఊరికి వెలుపలి వారుగా కాక, ఊరి కులాలతో, వృత్తులతో, పండుగలతో కలిపి చూడటం అందులో ఉన్నది. తరువాత 1973 నుండి ఇంతియాజ్ అహ్మద్ సంపాదకత్వంలో వచ్చిన సంపుటాలు భారత ముస్లింల కులం, కుటుంబం, ఆచారాల మీద ఇట్టి పరిశీలనలను ఒకచోట చేర్చాయి. దేశాచారాలు కలిసిన ఇస్లామే ఇక్కడి ముస్లింల నిజమైన జీవితమని ఆయన వాదం. శతాబ్దాలుగా ఆ జీవితాన్ని షరా వైపు నడిపిస్తున్న సంస్కరణను ఇది చూడటం లేదని 1983లో చరిత్రకారుడు ఫ్రాన్సిస్ రాబిన్‌సన్ ఆక్షేపించాడు. ఈ వాదానికి పరిష్కారం గ్రంథాలయంలో దొరకదు. ఏదో ఒక ఊరిలో దొరకాలి.

మూడు పట్టణాలు, ఎన్నో ప్రశ్నలు

1905 వరకు ఎలగందుల జిల్లా, తరువాత కరీంనగర్ జిల్లా, 2016 అక్టోబరు 11 నుండి జగిత్యాల జిల్లా, రాజన్న సిరిసిల్ల జిల్లా. పేర్లు ఇట్లా మారాయి. హైదరాబాదు ముస్లింల మీద పుస్తకాలు ఎన్నో ఉన్నాయి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ముస్లింలు మాత్రం ఎక్కువగా జనాభా లెక్కలలో, ఓటర్ల జాబితాలలో, ఠాణా రికార్డులలో కనిపిస్తారు.

పీర్ల పండుగనే తీసుకొందాం. ఈ ప్రాంతపు పల్లెలలో పీర్ల కొట్టం ఊరందరిది. దట్టీలు కట్టేవారు, ఊదు వేసేవారు, మలీద తెచ్చేవారు, గుండం చుట్టూ ఆడేవారు అధికంగా హిందువులు. ముస్లిం ఇండ్లు ఒకటో రెండో ఉన్న ఊళ్ళలో కూడా పీర్లు లేస్తాయి. దీనిని చూచి ఒకరు మతసామరస్యం అని మురిసిపోతారు, మరొకరు బిద్అత్ అని మొగం తిప్పుకుంటారు. ఇద్దరూ పది నిమిషాలు చూచి వెళ్ళినవారే. పదిరోజులు ఉన్నవాడు వేరే ప్రశ్నలు అడుగుతాడు. పీరును ఎత్తే హక్కు ఏ ఇంటిది? అది ఎట్లా వచ్చింది? ముజావరుకు ఊరు ఏమి ఇస్తుంది? దళితవాడనుండి వచ్చినవాడు ఎంతవరకు రాగలడు? గల్ఫ్ నుండి, లేదా తబ్లీగు జమాఅత్ నుండి తిరిగి వచ్చిన కొడుకు దూరంగా ఉంటే, తండ్రి ఏమంటాడు? ఈ చివరి ప్రశ్నలో ఇంతియాజ్ అహ్మద్, రాబిన్‌సన్‌ల వాదం అంతా ఒక ఇంటి వాకిట్లో నిలబడి ఉంటుంది. వేములవాడ రాజరాజేశ్వరాలయ ప్రాంగణంలో దర్గా ఉండటం ప్రసిద్ధమే. కోడె మొక్కు తీర్చుకొన్నవారు దర్గాకు కూడా మొక్కుతారు. అక్కడ కూడా తలలు లెక్కపెట్టడంకంటే ఎవరు దీపం పెడతారు, కానుక ఎవరికి చేరుతుంది, కష్టకాలంలో ఎవరు ఎవరి పక్షాన మాట్లాడతారు అన్నదే చరిత్రకు పనికివస్తుంది.

పనిపాటల సంగతీ అంతే. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ఇండ్లలో ఒళ్ళో చాట పెట్టుకొని, తునికాకు కత్తిరించి, వెయ్యికి ఇంత అని బీడీలు చుట్టే స్త్రీలు వేలమంది. గడప దాటకుండా సంపాదించే వీలు ఉండటంవల్ల పర్దా పాటించే ఇండ్లలోకి కూడా ఈ పని వచ్చింది. ప్రశ్నల పట్టిక పట్టుకొని వచ్చినవానికి గుమ్మంలో నిలబడ్డ మగవాడు ఆమె ఇంటి పని చేస్తుందని చెప్పి పంపవచ్చు. లోపల కూర్చొన్నవారికే నిజమైన లెక్క తెలుస్తుంది. అయితే లోపలికి పురుష పరిశీలకుడు పోలేడు, పోరాదు. కనుకనే స్త్రీలు చేసిన పరిశీలనలకు ప్రత్యేక స్థానం. ఢిల్లీ నిజాముద్దీన్ దర్గా ఇండ్ల స్త్రీల మీద పాట్రీషియా జెఫ్రీ 1979లో, హైదరాబాదులో అన్ని మతాలవారికి తాయెత్తులు వ్రాసి ఇచ్చే ఒక ముస్లిం స్త్రీ మీద జాయిస్ ఫ్లూకిగర్ 2006లో వెలువరించిన గ్రంథాలు ఇందుకు నిదర్శనాలు. మన పట్టణాల ఆడపిల్లలు ఈ పని చేపట్టితే ఇంతకంటే లోతుగా చేయగలరు.

సిరిసిల్లలో మరమగ్గాలను సాంచెలు అంటారు. నూలు ఇచ్చే సేటు, నాలుగు సాంచెలు పెట్టుకొని ఆ నూలుతో బట్ట నేయించి ఇచ్చే ఆసామి, మీటరు లెక్కన కూలి తీసుకొనే కార్మికుడు. సర్కారు కాగితంలో ముగ్గురూ నేతవారే. 1990ల చివరనుండి అక్కడ జరిగిన ఆత్మహత్యలను అర్థం చేసుకోవాలంటే ఎవరి అప్పు ఎవరి మెడకు చుట్టుకొన్నదో తెలియాలి. అట్లాగే గల్ఫ్ ఇండ్లు. 1973 తరువాత చమురు ధర పెరిగి ఎడారి దేశాలలో పనులు మొదలైనప్పటినుండి ఈ ప్రాంతపు హిందూ, ముస్లిం యువకులు అక్కడికి పోతున్నారు. యజమానిని వదిలి కాగితాలు లేకుండా మిగిలినవానిని ఈ పల్లెలలో ఖల్లివల్లి అంటారు. అరబీ వ్యవహారంలో 'పోనీ, వదిలేయ్' అనే మాట అది. ఒక మనిషి స్థితికి పేరుగా మారి మన ఊళ్ళకు వచ్చింది. ఏ ప్రశ్నల పట్టికలోనూ ఈ మాటకు గడి లేదు.

అనుమానం కూడా ఇక్కడి చరిత్రలో భాగమే. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. ఆ అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ రోజులలో విద్యార్థులు 'గ్రామాలకు తరలండి' అని వచ్చి కూలి, భూమి వివరాలు వ్రాసుకొన్నారు. పోలీసులు వచ్చి విద్యార్థుల వివరాలు వ్రాసుకొన్నారు. నోటుపుస్తకంతో వచ్చిన కొత్తమనిషి ఎవరి మనిషో ఊరికి తెలియలేదు. ఇట్టి జ్ఞాపకం ఉన్న చోట పరిశీలకుడు తానెవరో, ఎందుకు వచ్చాడో మొదటిరోజే చెప్పకపోతే అది గోడ దూకడమే అవుతుంది.

ఎందుకు అవసరం

ఇది పండితుల వినోదం కాదు. 2004లో, 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముస్లింలకు కల్పించిన రిజర్వేషన్లు న్యాయస్థానంలో నిలువలేదు. 2007లో ముస్లింలలోని 14 వెనుకబడిన సమూహాలను గుర్తించి బి.సి.–ఇ క్రింద 4 శాతం ఇచ్చారు. దానినీ 2010లో హైకోర్టు కొట్టివేయగా, అదే సంవత్సరం సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో కొనసాగనిచ్చింది. ఈ వ్యాజ్యాలన్నిటిలో పదే పదే లేచిన ప్రశ్న ఒక్కటే. ఈ సమూహాల స్థితిని ఎవరు, ఏ పద్ధతిలో, ఎంత శ్రద్ధగా పరిశీలించారు? ఫకీరు, హజాం, ఖురేషీ అని జాబితాలో పేరు వ్రాయడం సులువు. ఆ పేరుగల కుటుంబం కోరుట్లలో ఎట్లా బ్రతుకుతున్నదో చెప్పగల గ్రంథం మన చేతిలో ఉంటే వాదన వేరుగా ఉండేది.

ఈ పనికి పూనుకొనే యువకులకు ఒక్క మాట. ఊరిలో ఒక ఏడాది ఉంటే విత్తనంనుండి కోతవరకు అన్ని కాలాలూ కనిపిస్తాయని మానవశాస్త్రజ్ఞుల సూత్రం. ముస్లిం సమాజానికి ఇది చాలదు. హిజ్రీ నెలలు ఏటా 11 రోజుల చొప్పున ముందుకు జరుగుతాయి. నాట్ల వేళ వచ్చిన ముహర్రం ఒకటి, ఎండాకాలం పని లేని రోజులలో వచ్చిన ముహర్రం మరొకటి. ఎండలో బీడీలు చుడుతూ ఉండే రోజా వేరు, చలికాలపు రోజా వేరు. ఈ చక్రం ఒక్కసారి తిరిగి రావడానికి దాదాపు 33 ఏండ్లు పడుతుంది. కనుక పరిశీలకుడు తన కంటికి పెద్దల జ్ఞాపకాన్ని తోడు తెచ్చుకోవాలి. ఇక్కడ పరిశీలన, చరిత్ర ఒకటవుతాయి.

మిగిలిన మర్యాదలు పాతవే. తలుపు దారిన వెళ్ళాలి, సలాం చెప్పాలి, వచ్చిన పని చెప్పి అనుమతి కోరాలి. విన్నది అమానతు. ఎవరి పేరు బయటపెడితే వారికి హాని కలుగుతుందో ఆ పేరు పుస్తకంలో ఉండరాదు, ఎందుకంటే అచ్చులో చేసిన గీబత్ నోటితో చేసినదానికంటే ఎక్కువకాలం నిలుస్తుంది. వ్రాసినది ఆ ఊరివారికి తెలుగులో, దక్కనీలో చదివి వినిపించాలి. తప్పు అంటే దిద్దుకోవాలి. జాఫర్ షరీఫ్‌కు ఈ అవకాశం లేకపోయింది. ఆయన వ్రాసినది సముద్రాలు దాటి పరభాషలో అచ్చయింది. నేడు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల కళాశాలలలో చదివే మన పిల్లలు తమ మొహల్లా గురించి తమ భాషలో వ్రాయగలరు. ఒక వీధిని ఎన్నుకొని, అక్కడి పెద్దల అనుమతితో, రాబోయే ముహర్రంనుండి మొదలుపెట్టవచ్చును.